గాజులు తీసే అలవాటు

మోరిస్‌విల్, శనివారం

ప్రసూన పెద్దమ్మకి,

నా దగ్గు తగ్గింది, బెంగ పెట్టుకోకు. ఫోన్‌లో అడిగితే మాట దాటేస్తావని కార్డు రాస్తున్నాను.

మా ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఎడిత్ గారని తొంభై ఏళ్ల ఇంగ్లండ్ నటి ఉన్నారు. నాటకాల్లో రాణి వేషాలు వేశారట. సినిమాల్లో నలభై దాటగానే అన్నీ తల్లి వేషాలేనట. రేడియోలో మాత్రం అరవయ్యో ఏట పదహారేళ్ల పిల్లగా మాట్లాడారట! నమ్మలేక, "ఏదీ, ఒక్కసారి ప్లీజ్" అన్నాను. ఆవిడ ముందు చేతి కడియాలు తీసి బల్ల మీద పెట్టారు. "మైక్ ముందు ఇవి చప్పుడు చేస్తాయి" అన్నారు. తర్వాత వచ్చింది నిజంగా చిన్నపిల్ల గొంతే.

నాకు నువ్వు గుర్తొచ్చావు. ఫోన్ మోగితే గాజులు తీసి పక్కన పెడితే గానీ హలో అనవు. ముత్తయిదువ చేసే పనేనా అని నాయనమ్మ ఎన్ని తిట్లు తిట్టినా మానలేదు. నువ్వూ రేడియోలో నాటకాలు వేశావా? ఎందుకు మానేశావు? మాకెవరికీ చెప్పలేదేం?

శశికాంత్ అన్నయ్య వచ్చేటప్పుడు కందిపొడి పంపు. కారం తగ్గించు, ఎడిత్ గారికీ పెడతాను. పెదనాన్న మోకాలు ఎలా ఉంది? ఆయనకు నా నమస్కారాలు.

రేపటి ఆదివారం కాదు, ఈ కార్డు అందాక వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను. గాజులు తీయకు పెద్దమ్మా, ఆ చప్పుడు నేనింతవరకూ ఫోన్‌లో వినలేదు.

నీ హాసిని