ఒక్కటి పీకి చూడు

అక్కకు తమ్ముడు భయపడుతూ రాసే ఉత్తరం.

నువ్వు గుడ్డలో మూటగట్టి ఇచ్చిన పన్నెండు వెల్లుల్లి రెబ్బల్నీ పెరట్లో నాటాను. "వానకి నా మడంతా కుళ్లిపోయింది, అమ్మ కాలంనాటి విత్తనంలో మిగిలింది ఇంతే, జాగ్రత్తరా" అన్నావు. అప్పట్నుంచీ నాకు కునుకు లేదు. ఆకులు జానెడు పెరిగాయి, సరే. లోపల ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు? పైపుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి, చూడకుండా ఎలా నమ్మను? ఒకటి పీకాను. రెబ్బలే లేవక్కా! తెగులేమో?

నీ తమ్ముడు

తా.క. : పీకినదాన్ని మళ్లీ పాతాను. తల వాల్చేసింది. నీ మరదలు నాతో మాట్లాడడం మానేసింది.

*

తొందరపాటు తమ్ముడికి అక్క దీవెనలు.

తెగులు దానికి కాదు, నీకు. నాటి రెండు నెలలైనా కాలేదు, రెబ్బలెక్కణ్ణుంచి వస్తాయి? కింది ఆకులు రెండు మూడు పండాక నీళ్లు ఆపెయ్యి. అప్పుడు ఒకటి పీకి చూడు. గడ్డ మీద రెబ్బల గీతలు కనిపిస్తే మిగతావి తవ్వు. అందాకా చేతులు కట్టుకు కూర్చో. ఈ విత్తనం పోతే మళ్లీ దొరకదు. నాకు ఏడుపొస్తుంది, ముందే చెబుతున్నా.

అక్క

తా.క. : నేను మరదలి వైపే.

*

అక్కకు, నీ మాట జవదాటని తమ్ముడు రాసేది.

ఆకు పండింది. నువ్వు చెప్పినట్టే ఒకటి పీకి చూశాను. గీతల్లేవు. మర్నాడు ఆకు ఇంకాస్త పండింది. అంటే పరిస్థితి మారినట్టే కదా? అందుకని ఇంకొకటి. ఫ్యాక్టరీలో రోజుకో పైపు పగలగొట్టి చూసేవాళ్లం, ఎవరూ తప్పుపట్టలేదు. ఇప్పుడు నాలుగున్నాయి. గోడ నీడలో ఉన్నవాటిని విడిగా పరీక్షించాలా? వెంటనే రాయి.

నీ తమ్ముడు

తా.క. : పోస్టు డబ్బా దాకా వెళ్లి, మనసొప్పక తిరిగొచ్చి, కవరు చింపి ఇది రాస్తున్నాను. మూడున్నాయి.

*

ఒరేయ్! దీవెనలు తర్వాత.

ఒకటి పీకమంటే మొత్తానికి ఒకటి! రోజుకొకటి కాదు! గునపం మరదలి చేతికిచ్చెయ్. పెరటి తలుపు మూసెయ్. నాకిక్కడ ముద్ద దిగడం లేదు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాకు మిగల్చరా.

అక్క

తా.క. : మరదలా, ఈ ముక్క నీకు. వాణ్ణి కుర్చీకి కట్టేసినా నేనేమీ అనుకోను.

*

అక్కకు, ముఖం చెల్లని తమ్ముడు రాసేది.

నీ మరదలు మడి పక్కన కూర్చుని కాపలా కాసింది. తను స్నానానికి వెళ్లినప్పుడు ఒకటి పోయింది. ఇంటికెవరో వస్తే తలుపు తియ్యడానికి వెళ్లింది, ఇంకొకటి పోయింది. ఆఖరిది మాత్రం దక్కింది. తనే తవ్వి, నీడలో ఆరబెట్టి, పార్శిలు కట్టింది. నన్ను క్షమించు.

నీ తమ్ముడు

తా.క. : పైనుంచి తడిమి తొమ్మిది రెబ్బలంది. సరిచూస్తానంటే ఇవ్వలేదు.

*

తమ్ముడికి, అక్క సిగ్గుపడుతూ రాసేది.

తొమ్మిదే. కళ్లకద్దుకున్నాను. అదును రాగానే నాటాను. మర్నాటికే అనుమానం మొదలైంది, పార్శిల్లో నలిగిపోలేదు కదా అని. నాలుగో రోజు ఒకటి తవ్వి చూశాను. వేరు వచ్చింది, నా గోరు తగిలి తెగింది. ఐదో రోజు ఇంకొకటి. నిన్నటికి నాలుగు. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

మిగిలిన ఐదింటినీ మట్టితో సహా డబ్బాలో పెట్టి నీకే పంపుతున్నాను. నువ్వు పీకబోతే చెయ్యి పట్టుకుని ఆపడానికి ఒక మనిషుంది. నాకిక్కడ ఎవరూ లేరురా.

అక్క

తా.క. : పార్శిలంటే మళ్లీ భయమేసింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని నేనే బయల్దేరుతున్నాను. ఇకనుంచి కాపలా కాయాల్సింది ఇద్దరికని మరదలితో చెప్పు.