బతికున్న అక్కకు తద్దినం పెట్టిన చేత్తో

ప్రొద్దుటూరు కాపురస్తుడు, కీర్తిశేషులు వంకదార లక్ష్మీనరసయ్య రెండో కుమారుడు పాండురంగం అనే నేను, యాభై మూడేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా. వచ్చే సోమవారం నాకు గుండె ఆపరేషన్. మతి స్థిరంగా ఉందని డాక్టరిచ్చిన కాగితం జతచేశాను. మా అన్న సాయినాథ్ మాత్రం ముప్పై ఏళ్లుగా ఆ సంగతి ఒప్పుకోడు.

1. ఆస్తి కంటే ముందు నేరం రాయాలి. 1986లో మా అక్క పుష్పావతి జమ్మలమడుగు మెకానిక్ ఇమ్తియాజ్‌ను పెళ్లి చేసుకుంది. మా నాయన ఆమె ఫొటోకు దండవేసి మా నగలంగట్లో తగిలించి, కర్మకు అయ్యవారిని పిలిపించాడు. అన్న జ్వరమని ముసుగుతన్నాడు. 'చిన్నోడా, నువ్వు కూర్చో' అన్నాడు నాయన. గంట బస్సు ప్రయాణం దూరంలో అన్నం వండుకుంటున్న మనిషికి పద్నాలుగేళ్ల నేను నువ్వులూ నీళ్లూ వదిలాను. తొమ్మిదేళ్లు వదిలాను. తర్వాత నేను తద్దినం పెట్టనంటే అన్న అందుకున్నాడు. ఇప్పటికీ పెడుతున్నాడు. దీన్ని పరువంటారు! మా అంగట్లో గురివింద గింజెత్తు బంగారాన్ని తూచే త్రాసుంది, ఈ పరువును తూచేది మాత్రం నాకెక్కడా కనబడలేదు.

2. ఈ సంగతి మీద నేను తీసిన యాభై నిమిషాల డాక్యుమెంటరీ, అది ఉన్న హార్డ్ డిస్కు, ఎక్కడైనా చూపించే సర్వహక్కులు అక్క కూతురు, పులివెందులలో టీచరైన నిఖత్‌కు. 'అంగడి పేరు పోతాది, తుడిచేయప్పా' అని అన్న మూడుసార్లు మనిషిని పంపాడు. తుడిచే హక్కు ఎవరికీ ఇవ్వడం లేదు. అందులో మా అమ్మ మాటలున్నాయి: 'తద్దినం పొద్దు గారెలు రొండు వాయిలెక్కువ చేస్తాంటి. కారియర్‌లో పెట్టి జమ్మలమడుగు బస్సు డ్రైవరుకిస్తాంటి. కాకికి పెట్టేది నా బిడ్డకు పెడితే తప్పేంది?' పక్కనే అక్క నవ్వుతుంది: 'ఏడాదికొకసారి చస్తే అమ్మ చేతి గారెలు వస్తాండె. ఇంకా శానాసార్లు చచ్చినా నష్టం లేదనుకుంటాంటి.' అమ్మ పోయిన ఏడు చనిపోయింది. ఈ ఏడు తద్దినం జరిగింది, గారెలు రాలేదు.

3. అంగట్లో నా సగం వాటా అన్నకే. షరతు ఒక్కటి: నేను పోయాక నెలలోపు ఆ దండ తన చేత్తో తీసి, ఫొటో అక్కకు అప్పగించి, తద్దినం మానాలి. లేకుంటే వాటా నిఖత్‌కు చెందుతుంది. అన్నా, బెదిరింపే ఇది. నీతో మంచిగా మాట్లాడి ముప్పై ఏళ్లు పోగొట్టుకున్నాను.

4. అమ్మ నాలుగు గిన్నెల ఇత్తడి కారియర్ నిఖత్‌కు. మూత సొట్ట బాగుచేయించవద్దు, అది బస్సులో పడింది. ఇట్లాంటి పరువుల మీద నేను రాసి అచ్చేయించిన కరపత్రాలన్నీ అన్నకు. చదవకున్నా ఫరవాలేదు, ముక్కుపుడకలు చుట్టుకోవచ్చు.

5. అప్పులేవీ లేవు, కృతజ్ఞతలే. తొమ్మిదేళ్ల తర్వాత వాళ్ల గడప తొక్కిన నన్ను చూసి బావ ఇమ్తియాజ్, 'రా బామ్మర్దీ, మా ఆడమనిషికి మళ్లా తద్దినం ఎప్పుడు పెడ్తాండావ్?' అని కుర్చీ వేశాడు. నాకు ఏడుపొచ్చింది, వాళ్లకు నవ్వొచ్చింది. నేను జీవితంలో రాసిన ఏ వాదానికీ ఆ కుర్చీకున్నంత బలం లేదు. పెళ్లిళ్లు తీసే మెహతాబ్ తన కెమెరా ఏడాది పాటు నా దగ్గరుంచాడు. ఏనాడూ అడగలేదు. కారియర్ మోసిన డ్రైవర్ల పేర్లు తెలియవు. వాళ్లకూ నమస్కారం.

6. అక్కకూ బావకూ చిల్లిగవ్వ రాయలేదు. మరిచిపోయి కాదు. వీలునామాలో వాటా ఉన్న మనిషి గానీ, ఆ మనిషి మొగుడు గానీ సాక్షిగా ఉంటే పేచీ వస్తుందని, దీన్ని అమలు చేయవలసిన వకీలు వనితమ్మ చెప్పింది. అక్కకు ఇల్లూ వాకిలీ ఉన్నాయి. ఆమెకు లేనిది మా ఇంటి కాగితం మీద చోటు. చనిపోయినవాళ్లు సాక్షి సంతకం చేయలేరు. నేను నీళ్లు వదిలిన ఈ చేత్తోనే కలం ఆమెకందించాను. 'యాడ పెట్టాల్రా?' అని అడిగింది. అన్నిటికంటే పైన, అన్నాను.

ప్రొద్దుటూరు, 2025 ఆగస్టు 14.

(సంతకం) వంకదార పాండురంగం

ఆయన సంతకం కళ్లారా చూసి సంతకం చేసిన సాక్షులు:

1. పుష్పావతి, 58 ఏళ్లు, వంకదార లక్ష్మీనరసయ్య కూతురు, ఇమ్తియాజ్ భార్య, జమ్మలమడుగు.

2. మెహతాబ్, ఫొటోగ్రాఫర్, పులివెందుల.