మూడో నంబరు గది ముందు చెప్పులు

చెల్లీ,

పక్క వీధిలో ఉంటూ ఉత్తరం రాయడమేంటని నవ్వుకుంటావు. ఎదురుగా నిలబడి చెప్పే మొహం లేక రాస్తున్నాను.

బావను నేనే కాపాడానని కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నావు. కంపెనీ వాళ్లు నా ఫోటో నోటీసు బోర్డుకెక్కించారు. రోజూ పనిలోకి వెళ్తూ దాని ముందు దొంగలా తల దించుకుని నడుస్తున్నాను.

మా కోల్డ్ స్టోరేజీలో ఒక పద్ధతి ఉంది. చేపల పెట్టెలు గడ్డకట్టించే గదిలోకి వెళ్లేవాడు బూట్లు తొడుక్కుని, తన చెప్పులు తలుపు బయట వదులుతాడు. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. తలుపు వేసేవాడు ముందు కింద చూడాలి. కొత్తవాళ్లకు ఇది నేర్పేది సూపర్‌వైజర్‌నైన నేనే.

ఆ రోజు పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని హడావుడి చేస్తున్నాను. మూడో నంబరు గది ముందు అరిగిపోయిన చెప్పుల జత కనబడింది. ఛీ, ఇవేంటి ఇక్కడ అనుకుని తీసి ఆఫీసు అరలో పడేశాను. పది నిమిషాలకు మళ్లీ వచ్చి కింద చూశాను. నేల శుభ్రంగా ఉంది. గడియ పెట్టాను. లోపలి పిడి అప్పటికే నెల రోజులుగా పనిచేయడం లేదు. రేపు మాపు అంటూ దాన్ని బాగుచేయించనిదీ నేనే.

పాప స్కూల్లో మీటింగు ఉందని బావ మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాడుగా, వెళ్లిపోయాడనుకున్నాను. స్కూలు నుంచి నువ్వు ఫోన్ చేశావు. "అన్నయ్యా, ఈయనింకా రాలేదేంటి?" "దారిలో ఉంటాడులేవే, కంగారెందుకు" అన్నాను. అప్పుడు అధికారి పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. నువ్వు రెండోసారి చేసినప్పుడు గానీ ఆ చెప్పులు ఎవరివో నాకు వెలగలేదు.

గడియ పెట్టి అప్పటికి నాలుగు గంటలు దాటింది. బావ పెట్టెల మధ్య ముడుచుకుని ఉన్నాడు. వణుకు కూడా ఆగిపోయింది. అయినా కళ్లు తెరిచి నన్ను చూశాడు, చెల్లీ. నేను భయంతో భుజాలు పట్టి కుదిపాను. లేపి నిలబెట్టి, "నడువు బావా, ఒళ్లు వేడెక్కుతుంది" అని ఈడ్చాను. నాలుగడుగులకే నా చేతుల్లో వాలిపోయాడు. నాడి లేదు. సరుకు ఎక్కించుకోవడానికొచ్చిన లారీ డ్రైవరు నన్ను నెట్టేసి గుండె మీద ఒత్తడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి దాకా ఆపలేదు. కాపాడింది ఆయన.

తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఒళ్లు అంతగా చల్లబడితే గుండె నెమ్మదించి లయ తప్పుతుందట. అప్పుడు చిన్న కుదుపు తగిలినా సరిగా కొట్టుకోవడం మానేసి ఊరికే అదురుతుందట, రక్తం ఎక్కడికీ పోదట. "కదపకుండా పడుకోబెట్టి కప్పి ఉంచాల్సింది. ఆ చలే మెదడును కూడా కాపాడిందిలెండి. అందుకే ఒళ్లు మెల్లగా వేడెక్కించేదాకా మేం ఆశ వదల్లేదు" అంది. కుదిపిందెవరని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

గదిలో పెట్టి మూసిందీ నేనే, గుండె ఆపిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మీ ఇంటికి రాకపోవడానికి డ్యూటీలు కారణం కాదు.

నీ అన్నయ్య

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. సగంలోనే ఆపమన్నారు. "నాకు తెలిసిందేగా" అన్నారు.

ఆసుపత్రిలో మాట వచ్చిన రోజే చెప్పులు అడిగారు. ఆఫీసు అరలో చూశానని లారీ డ్రైవరు చెప్పాడు. ఆ అర జోలికి నువ్వు తప్ప ఎవరూ వెళ్లరని మాకు తెలీదా? తలుపు పడ్డ చప్పుడు ఆయన విన్నారట. "బయట చెప్పులున్నాయిగా, బావ చూస్తాడులే" అని నిన్ను నమ్ముకుని కాసేపు పెట్టెలు సర్దుకుంటూనే ఉన్నారట. అది విన్న రోజు ఇక నీ మొహం చూడకూడదనుకున్నాను.

అయినా అందరికీ నువ్వే కాపాడావని ఎందుకు చెప్పానో తెలుసా? విని విని తట్టుకోలేక నువ్వే వచ్చి నిజం కక్కుతావని. నలభై రోజులు పట్టింది నీకు. కుదిపినందుకు నిన్నేమీ అనను. నేనున్నా అదే చేసేదాన్ని. చెప్పులు తీసినందుకు మాత్రం కోపం పోలేదు. ఇంకొన్నాళ్లు ఉంటుంది.

ముందు ఆ ఫోటో తీయించి డ్రైవరుది పెట్టించు. లోపలి పిడి బాగుచేయించు. తర్వాత ఆ చెప్పులు పట్టుకుని రా. ఎన్నిసార్లు చెప్పినా ఆయన కొత్తవి కొనుక్కోనంటున్నారు. నీ చేత్తోనే మా గుమ్మం ముందు పెట్టు, లోపల మనిషి ఉన్నాడని కనిపించేలా.

నీ చెల్లి