తియాంకో వారి అబ్బాయి

ఫిబ్రవరి 8, ఆదివారం. ఇల్లు కడిగాను, మిరపకాయలు ఎండబోశాను, కొరమీను పులుసు చేశాను.

ఏమండీ,

మీ సంవత్సరీకం అయ్యాక మనింటికి వచ్చిన మొదటి చుట్టం ఎవరో తెలుసా? తడ దగ్గర కంపెనీలో మన స్రవంతితో పనిచేసే ఫిలిప్పీన్స్ అబ్బాయి. దాన్ని పెళ్లి చేసుకుంటాడట. ఇంటిపేరు తియాంకో, చైనా పేరట. ఉమ్మిని డీఎన్ఏ పరీక్షకు పంపితే మాత్రం వంశంలో చైనా వాటా కొంచెమే, తక్కినదంతా ఆ దీవులవాళ్లదేనని వచ్చిందట. పేరొకటి, రక్తమొకటి. ఏదో దాస్తున్నాడనిపించి, కూర్చోబెట్టి అడిగాను. అతని మాటలు స్రవంతి తెలుగులో చెప్పింది.

“పోలీసులు కూడా ఇన్ని అడగరమ్మా!” అంది స్రవంతి.

“ఆ అబ్బాయి చెప్పింది చెప్పు. నీ సొంతం కలపబాక.”

“వాళ్ల పెద్దాయన ఒకడు చైనా నుంచి వ్యాపారానికొచ్చి అక్కడి అమ్మాయిని చేసుకున్నాడంట. మనం ‘అన్నా’ అన్నట్టు, ఊరోళ్లు మర్యాదగా పేరు చివర ‘కో’ చేర్చి పిలిచేదంట. అదే ఇంటిపేరైపోయింది. తర్వాత అందరూ అక్కడోళ్లనే చేసుకున్నారు.”

“చైనాలో ఏ ఊరంట?”

“తెలీదంటమ్మా.”

ఆ మాట ముందే విన్నట్టనిపించింది. మన పెళ్లిచూపుల్లో మా నాన్న, “ఇంటిపేరు అరవ అని పెట్టుకొని తెలుగోళ్లమంటావే, యాడోళ్లు మీరు?” అని మిమ్మల్ని నిలదీశారు. మీరూ తెలియదనే అన్నారు. పెళ్లికి ఒప్పుకున్నా ఆయనకు అనుమానం వదల్లేదు. అల్లుడికి వేయాల్సిన చేప తలకాయను మీ పళ్లెంలో ఏనాడూ వేయనివ్వలేదు.

ఈ అబ్బాయి మీద నాకూ అనుమానం పోలేదు. వాళ్లమ్మతో మాట్లాడాకే ఏదైనా. అయినా ఇవాళ కొరమీను తలకాయ ఆ అబ్బాయి పళ్లెంలో వేశాను. మా పుట్టింటివాళ్లు మీకు బాకీపడింది అదొక్కటే. తీరింది.