తొమ్మిది నియమాల చదరంగం

జూన్ 2, సోమవారం. ఉదయం 5:10

నాచారంలోని మా వృద్ధుల సంఘం హాలులో సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు చదరంగం బల్ల స్త్రీలది. నేను తప్ప ఎవరూ రావడం లేదట. కార్యదర్శి విశ్వనాథంగారు నిన్న అందరి ముందూ అన్నారు: "ఆడేవాళ్లు లేనప్పుడు బల్ల ఎందుకండీ, మంగతాయారుగారూ? పదిహేనో తేదీన క్యారమ్స్ వాళ్లకిచ్చేస్తాం."

ఇవ్వనివ్వను. ఈలోగా అందరినీ రప్పించే కొత్త చదరంగం కనిపెడతాను. తీర్మానాలు: తొమ్మిది నియమాలకు మించను. ఒక్క ఆంగ్ల పదం వాడను. ఎవరి సహాయమూ తీసుకోను. ముప్పై ఏళ్లు యంత్రాల సూచన పుస్తకాలను తెలుగు చేసినదాన్ని. ఇదెంత?

జూన్ 3. 6:40

చదరంగంలో కలపడానికి బేస్‌బాల్‌ను ఎంచుకున్నాను. క్రికెట్ అయితే కుదరదు. ఉప్పల్ స్టేడియం ఇంత దగ్గర, ప్రతివారూ అంపైరే. బేస్‌బాల్ ఇక్కడ ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. కాని నేను చదువుకోగలను.

11:15. నాలుగు మూలల గడులు నాలుగు మజిలీలు. బంటు అన్నీ చుట్టి ఇల్లు చేరితే ఒక పరుగు. మూడు దెబ్బలు తింటే వంతు మారుతుంది. అద్భుతంగా ఉంది.

జూన్ 6

నియమాలు పదిహేడు. తొమ్మిది అన్నది ప్రధాన నియమాల సంఖ్య. తక్కినవి ఉపనియమాలు.

జూన్ 9

పైవాటాలో అద్దెకున్న ప్రజ్ఞ నా కాగితాలు చూసింది. "ఆంటీ, ఇందులో స్టీల్ లేదే? ఎదుటివాళ్లు చూడనప్పుడు ముందు బేస్‌కి ఉరికెయ్యడం."

"తెలుసమ్మా" అన్నాను. తెలియదు.

ఇది సహాయం కాదు. ఆమె చెప్పింది, నా చెవిన పడింది.

నియమం 23: ఎదుటివారు చూడనప్పుడు ముందున్న మజిలీని దొంగిలించవచ్చు.

జూన్ 12

ముప్పై ఒకటి. పక్కింటి వెంకటనర్సమ్మకు చదివి వినిపించాను. "గిన్ని రూల్సా వదినా? ఇనేటాల్లకే పొద్దుగూకుతది."

రాత్రి భోజనం మాని కత్తిరించాను. అనవసరమైన నియమాలు, పదాలు అన్నీ కొట్టేశాను. తొమ్మిదే మిగిలాయి. ఏడవది ఎంత క్లుప్తంగా వచ్చిందో: ఎదుటివారు చూడనప్పుడు దొంగిలించవచ్చు.

జూన్ 15, ఆదివారం

4:00. మొదటి ఆట. స్త్రీల గంటే అయినా ఇవాళ మగవాళ్లనూ పిలిచాను. విశ్వనాథంగారికి ఎదురుగా కనకరాజు. ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ నడిపి రిటైరైన మనిషి.

4:10. విశ్వనాథంగారు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకునేసరికి ఆయన మంత్రి లేదు.

"ఏదయ్యా నా మంత్రి?"

"నా జేబుల ఉన్నది సార్. ఏడో రూలు సదువుండ్రి."

"మంగతాయారుగారూ, ఇదేమిటండీ?"

చదివాను. నేను రాసిందే. రాసింది తప్పని నలుగురిలో ఒప్పుకోవడం నా వల్ల కాదు. "చెల్లుతుంది" అన్నాను.

4:25. వెంకటనర్సమ్మ కొంగుముడిలో రెండు ఏనుగులు.

4:40. హాలు నిండింది. క్యారమ్స్ వాళ్లు కూడా ఇటే వచ్చారు. "అగో, కరెంటాయన మీటరు సూస్తుండు" అని ఎవరో కిటికీ వైపు చూపారు. అందరూ చూశారు. బల్ల మీది రాజు మాయం. మజిలీలు చుట్టినవారు ఒక్కరూ లేరు.

5:30. బల్ల చదరంగానికే ఉంటుంది, అన్ని గంటలూ. విశ్వనాథంగారు స్వయంగా రిజిస్టరులో రాశారు. ఆట పేరు: దొంగ చదరంగం. కనిపెట్టినవారు: కనకరాజు.

నేను నోరు తెరవబోయాను. కనకరాజు అందుకున్నాడు: "ఫికర్ జెయ్యకక్కా. రేపు జర జల్ది రా, నీక్కూడ నేర్పిస్త."

జూన్ 16. ఉదయం 5:10

నేటి నుంచి పదిహేను రోజులు గడువు. అసలైన ఆటను మొదటి నుంచి రాస్తాను. తొమ్మిది నియమాలు. ఒక్క ఆంగ్ల పదం ఉండదు. ఎవరి సహాయమూ తీసుకోను.

సాయంత్రం నాలుగింటికి హాలుకు వెళ్తున్నాను, కేవలం పరిశీలనకు. ఎండలు మండిపోతున్నా, జేబులున్న స్వెటరు వెతికి పెట్టుకున్నాను.