పడుగులు ఆరిన జాగలో దవాఖాన

జూన్ 3, మంగళవారం
బడి సదానందం సారు వచ్చాడు. మా వాడ దవాఖానకు చరిత్ర పుస్తకం వేస్తున్నారట, రాసింది ఆయనే. కట్టినప్పటి పెద్దల్లో మిగిలింది నేనొక్కణ్ణే. అంతా నిజమని చివర సంతకం పెట్టాలట. చాయ తాగి కాగితాలు ఇచ్చి పోయాడు. నున్నటి కాగితం. మొదటి పేజీలోనే చనిపోయిన నూలు షావుకారు ఫోటో, మెడలో దండ.

జూన్ 4
చదివాను. వేలు పెట్టి, ఒక్కో అక్షరం. ఒక పూట పట్టింది.
"షావుకారు గారు తన సొంత స్థలాన్ని పేదలకు ధారపోశారు." ఛీ.
అది పడుగులు చేసే జాగ. ఏ ఒక్కడిదీ కాదు, వాడది. తెల్లారగానే నూలు బారుగా లాగి, గంజి పట్టించి ఆరబెట్టేవాళ్ళం. దవాఖానకని దాన్ని వదులుకున్నాక పడుగులు బజారులో లాగాము. లారీలవాళ్ళతో తిట్లు తిన్నాము. షావుకారు ఏం వదులుకున్నాడు...

జూన్ 6
మగ్గానికి నెలకొక దుప్పటి దవాఖానకు నేయాలని కట్టుబాటు ఉండేది. ఎర్ర అంచు. ఆ అంచున్న దుప్పటి ఇంట్లో ఎవ్వరూ కప్పుకోకూడదు. పుస్తకంలో ఆ ముచ్చటే లేదు. కొత్త గాజు తలుపు గురించి అర పేజీ.
నర్సు రాహేలమ్మ పేరూ లేదు. వాడలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టారు. నాకు అక్షరాలు నేర్పింది ఆమే, మందు సీసాల మీద పేర్లు చూపించి. "పడుగుల ఒక్క పోగు తెగితే గుర్తువడ్తవు కొండయ్యా, గీ నాలుగు అచ్చరాలు గుర్తువడ్తలేవా?"

జూన్ 9
సారు వచ్చాడు. నువ్వు రాసింది అబద్ధం అన్నాను. తల గోక్కున్నాడు.
"పెద్దయ్యా, పట్టా షావుకారు పేరు మీదనే ఉన్నది గదా. నేను కాయితం జూసే రాసిన."
తల వంచుకుని కాగితాల అంచులు సర్దుతూ కూర్చున్నాను.

జూన్ 10
మా ముసలామె లచ్చవ్వ — "సారు లేనప్పుడు గంత ఎగురుతవు. సారు ముందట మూగోని తీరు కూసున్నవేంది?"
అన్నం సగంలో లేచాను.

జూన్ 12
రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ...
పట్టాకు ఎవరిదైనా ఒక్క పేరు కావాలన్నారు తాసీల్దారు కచేరీలో. పోయింది ఐదుగురం. షావుకారు తప్ప నలుగురం వేలిముద్రగాళ్ళం. అంత మందిలో వేలికి సిరా పూయించుకోవడం నాకు నామోషీ. షావుకారు అడగలేదు. నేనే అన్నాను — "సంతకం వచ్చినోని పేరే పెట్టుండ్రి. పేరు ఎవలదైతేంది, జాగ మనదే గదా."
మిగతా ముగ్గురూ నా మాటకు తల ఊపారు. ముగ్గురూ పోయారు. లచ్చవ్వకు కూడా తెలియదు.
నా మీసం కోసం వాడ జాగ పోయింది. థూ.

జూన్ 15
షావుకారు మనుమడు శ్రీధర్ కారులో వచ్చాడు. దవాఖానను హైదరాబాద్ కంపెనీకి లీజుకు ఇస్తాడట. ఏడంతస్తులు లేపుతారట.
"జాగ మా తాతదే అని గా పుస్తకంల నువ్వొక్క సంతకం పెడితే వాడల లొల్లి ఉండది తాతా."
"మా వాడోళ్ళ కాన్పులు ఇప్పటి లెక్క పైసల్ లేకుంట ఊకెనే జేస్తరా?"
"గది కంపెనీ ముచ్చట. నువ్వు ఫికర్ జెయ్యకు."
నా మోకాలు తట్టి పోయాడు. ఆ చోటు కడుక్కున్నాను.

జూన్ 16
లచ్చవ్వకు చెప్పాను. బియ్యం చెరుగుతోంది. చాట ఆగింది.
"గిన్నేండ్లు గా దవాఖాన ముందట ఛాతీ ఇరుసుకుంట తిరిగినవు గదయ్యా."
మళ్ళీ చెరగసాగింది. తిట్టినా బాగుండు.

జూన్ 17
ఏమీ రాయబుద్ధి కాలేదు.

జూన్ 18
సంతకం పెట్టనని సారుతో చెప్పాను. "గట్లయితే ఎందుకు పెట్టవో ఆయితారం నేతోళ్ళ సంఘం మీటింగుల నిలవడి చెప్పు. నేను చెప్తె ఎవలింటరు పెద్దయ్యా?"

జూన్ 22, ఆదివారం
సంఘం నిండా జనం. శ్రీధర్ ముందు కుర్చీలో. లేచాను. జాగ వాడదని చెప్పాను, పడుగుల సంగతి చెప్పాను, రాహేలమ్మ సంగతి చెప్పాను. చప్పట్లు.
వెనుక నుంచి ఒకడు — "మరి పట్టాల షావుకారు పేరు ఎట్లెక్కింది తాతా? మోసం జేసిండా?"
అదే చెప్పాలని వచ్చాను. ఇంటి దగ్గర మాటలు కూడా కూర్చుకున్నాను. ఆడవాళ్ళలో లచ్చవ్వ, నా వైపే చూపు.
మంచినీళ్ళు అడిగాను. తాగాను. కళ్ళు తిరుగుతున్నాయన్నాను. పట్టుకుని కూర్చోబెట్టారు. మీటింగు వచ్చే ఆదివారానికి వాయిదా.

జూన్ 23
బజారులో నాకు దండాలు పెడుతున్నారు. షావుకారు దొంగ అని వాడంతా అంటోంది. పడుచోళ్ళు పోయి పుస్తకం కాగితాల్లో ఆయన ఫోటో చింపారట. నేను దొంగ అనలేదు. కాదనీ అనలేదు.
లచ్చవ్వ పళ్ళెం పెట్టి పక్కింటికి పోతోంది, నేను తినేదాకా రాదు.
ఆదివారానికి ఇంకా ఆరు రోజులు.