రెండు దెబ్బలు

బ్లూ మెసా ఆర్వీ పార్కు, అరిజోనా
మంగళవారం

ప్రియమైన డెల్,

ఫోన్ తియ్యవు కాబట్టి రాస్తున్నాను. నిన్ను రోడ్‌రన్నర్ పార్కులోనే వదిలేసి వచ్చేశాను, తప్పు నాదే. ఒట్టు, నువ్వు మన ఇంటిబండిలో వెనక మంచం మీదే ఉన్నావనుకున్నాను. దుప్పటి కింద ఎత్తుగా ఉంది. అది మన కుక్క వాఫుల్ అని నాకేం తెలుసు? దారి పొడుగునా నీతో మాట్లాడుతూనే ఉన్నాను. ఒక్క మాటకీ ఎదురు చెప్పకపోతే, పెళ్ళయిన ఇన్నేళ్ళకి దారికొచ్చావని సంతోషించాను కూడా. ఇక్కడికొచ్చి, కరెంటు తగిలించి, కాఫీ కాచి మంచం దగ్గరికి తెస్తే వాఫుల్ తోక ఊపింది.

రేపే వచ్చి తీసుకెళ్తాను. ఊఁ అను చాలు.

తలెత్తుకోలేని
నీ ఓర్విల్

రోడ్‌రన్నర్ ఆర్వీ పార్కు
శుక్రవారం

ప్రియమైన మతిమరుపు మొగుడికి,

నా గురించి బెంగ పడకు. మన పక్క స్థలం ఇర్మా వాళ్ళ ట్రైలర్లో సోఫా మీద పడుకుంటున్నాను. ఆవిడ గురక నీ గురకకి అక్క. సాయంత్రం నాలుగింటికి పార్కులో వాళ్ళంతా ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని చేరతారు కదా, రోజూ నా కథ మళ్ళీ చెప్పించుకుంటున్నారు. చెప్పినప్పుడల్లా నువ్వు ఇంకాస్త వెధవవి అవుతున్నావు.

నన్ను తీసుకెళ్ళడానికైతే రావద్దు. నెబ్రాస్కాలో ఇల్లమ్మి ఆ బండెక్కిన దగ్గర్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు. ప్రతి పార్కులోనూ నేను బకెట్లో టమాటా మొక్క వేస్తాను. నువ్వు బయల్దేరదీస్తావు. మొదటి మలుపులోనే అది బోర్లా పడుతుంది. ఆకు చూశాను, పువ్వు చూశాను, నా చేత్తో పెంచిన పండు మాత్రం ఇంతవరకూ తినలేదు. ఇక్కడిది కాయ కాసి రంగు తిరుగుతోంది. నీకు నేను కావాలంటే ఎండలు ముదిరేదాకా వచ్చి ఇక్కడే ఉండు. కుదరదంటావా, ఆ కాఫీ రోజూ వాఫుల్‌కే పోసుకో.

డెల్ఫీన్

బ్లూ మెసా
గురువారం

ప్రియమైన డెల్,

ఇక్కడ నా పరువు పోయింది. పెళ్ళాన్ని మరిచిన పెద్దమనిషి అని పేరు పెట్టారు. కుళాయి కారుతోందని నన్ను పక్క స్థలంలోకి మారమన్నారు. బండి వెనక్కి తీసేటప్పుడు నిలబడి చేతులూపి దారి చూపడానికి నువ్వు లేవాయె. అయిదుగురు మగాళ్ళు సాయానికొచ్చారు. ఒకడు ఎడమకంటాడు, ఒకడు కుడికంటాడు, ఇంకొకడు ఆగు ఆగంటూనే రమ్మని చెయ్యి ఊపాడు. నేను తిన్నగా వెళ్ళి ఆఫీసావిడ పెంచుకునే నాగజెముడు మీదికి బండెక్కించాను. "ఏమయ్యా, పెళ్ళాన్నీ దగ్గర పెట్టుకోలేవు, బండినీ నిలుపుకోలేవా?" అందావిడ.

అక్కడే ఉండమంటున్నావు. నాకు భయం, డెల్. మా నాన్న పని మానేసిన ఏడాదే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పట్నుంచీ ఒకచోట కూర్చున్నానంటే నేనూ అలాగే పోతాననిపిస్తుంది. నీకెప్పుడూ చెప్పలేదు.

ఇంకో సంగతి. ఎవరి దగ్గరా అనలేదు, నిందంతా నేనే మోస్తున్నాను. మనం బయల్దేరేటప్పుడల్లా నువ్వు లోపలికొచ్చి తలుపేసుకుని బండి గోడ మీద రెండుసార్లు కొడితేనే కదా నేను కదిలేది! ఆ రోజూ రెండు దెబ్బలు విన్నాను. వాఫుల్ కొట్టలేదుగా?

నీ ఓర్విల్

రోడ్‌రన్నర్
ఆదివారం

ప్రియమైన ఓర్విల్,

కొట్టింది నేనే. బయటి నుంచి.

టమాటా బకెట్ దించుకున్నాను, తలుపేశాను, రెండు దెబ్బలు కొట్టాను. నువ్వు వెళ్ళిపోయావు. మొహం నిండా దుమ్ముతో నవ్వుకుంటూ నిలబడ్డాను. రోడ్డెక్కగానే వెనక్కి చూస్తావు, తిరిగొస్తావు, అప్పుడు ఈ తిరుగుడు ఎందుకని నిలదీద్దామనుకున్నాను. నువ్వు రాలేదు. నవ్వు పోయి ఒళ్ళు మండింది. అందుకే నిన్ను ఊరందరి ముందూ వెధవని చేశాను. ఇవాళ నాలుగింటికి లేచి నిలబడి అందరికీ నిజం చెప్పేశాను. "అలాగా, అయితే నా సోఫా ఖాళీ చెయ్యి," అంది ఇర్మా.

టమాటా పండింది. తిన్నాను. బాగుంది. పక్కన నువ్వుండి ఉప్పేదీ అని సణిగుంటే ఇంకా బాగుండేది. నువ్వు లేకపోతే నాకు తోచడం లేదు, అదీ సంగతి.

మీ నాన్న గురించి ముందే చెప్పొద్దూ? నువ్వు ఊళ్ళు తిరిగే సరదా కొద్దీ తిరుగుతున్నావనుకున్నాను. నిన్ను ఊరికే కూర్చోనిస్తానా! పొద్దున్నే పార్కు వెనక గుట్ట చుట్టూ నడుద్దాం, తర్వాత ఇర్మా గొడుగు బాగుచేద్దువుగాని, ఇక్కడ విరిగినవాటికేం కొదవ లేదు.

ఎండలు ముదిరేదాకా ఉంటానంటే రా. ఉండనంటావా, ఆ మాట ఉత్తరంలో రాయకు. అప్పుడూ రా. ఇద్దరం నిలబడే పోట్లాడుకుందాం.

నీ డెల్